జేబుల్లో చేతులు

2007 ఆగస్టు 7, మంగళవారం రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికా బేస్‌బాల్ ఆటగాడు బారీ బాండ్స్ తన కెరీర్‌లో 756వ హోమ్ రన్ (బంతిని మైదానం దాటించే దెబ్బ) కొట్టాడు. అయిదో ఇన్నింగ్స్‌లో వాషింగ్టన్ నేషనల్స్ పిచ్చర్ మైక్ బాసిక్ విసిరిన బంతి వెళ్లి జనం మధ్య పడింది. 1976లో హ్యాంక్ ఆరన్ 755 దగ్గర ఆపి వెళ్లిన లెక్క 31 ఏళ్ల తర్వాత రెండో స్థానానికి దిగింది. బాణాసంచా పేలింది. బాండ్స్‌కు జ్ఞానతండ్రి (గాడ్‌ఫాదర్), పాత తరం దిగ్గజం విల్లీ మేస్ పక్కన వచ్చి నిలబడ్డాడు. 73 ఏళ్ల ఆరన్ స్వయంగా రాలేదు గానీ, ముందే రికార్డు చేసి పంపిన అభినందన తెరమీద కనిపించింది. రావలసిన మనిషి ఒక్కరే ఎక్కడా కనిపించలేదు. ఆయన అప్పట్లో ఈ ఆటను నడిపిన కమిషనర్ బడ్ సెలిగ్.

మూడు రోజుల ముందు శాండియాగోలో బాండ్స్ 755 కొట్టి ఆరన్‌ను అందుకున్నప్పుడు సెలిగ్ అక్కడే ఉన్నారు. పక్కవాళ్లు లేస్తే ఆయనా లేచారు. చేతులు మాత్రం జేబుల్లోనే ఉండిపోయాయి. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. చప్పట్లు కొడితే ఒంటిబలం పెంచే నిషిద్ధ మందులు (స్టెరాయిడ్లు) వాడాడన్న అనుమానమున్న ఆటగాడిని మెచ్చుకున్నట్టవుతుంది, కొట్టకపోతే సొంత లీగ్ రికార్డునే కాదన్నట్టవుతుంది. అందుకని జేబులు వెతుక్కున్నారు. మంగళవారం ఆ అవస్థ కూడా లేకుండా ఒక ప్రకటనతో సరిపెట్టారు. రికార్డు చుట్టూ ముసిరిన వివాదాలు వాటి దారిన అవి తేలతాయట, ఈ రోజు మాత్రం అభినందనల రోజట!

బాండ్స్ నిర్దోషి అని వాదించడం మా ఉద్దేశం కాదు. ఆటగాళ్లకు స్టెరాయిడ్లు అందించిన బాల్కో ప్రయోగశాల కేసులో 2003లో గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) ముందు ఆయన ఇచ్చిన వాంగ్మూలం మరుసటి ఏడాదే పత్రికలకు ఎక్కింది. శిక్షకుడు ఇచ్చినవి అవిసె నూనె, కీళ్లనొప్పుల లేపనం అనుకున్నానన్నది దాని సారాంశం. అవిసె నూనె రాసుకునే మనిషి 37వ ఏట ఒకే సీజన్‌లో 73 హోమ్ రన్‌లు కొడతాడని నమ్మే అమాయకత్వం మాకు లేదు. అంతకు ముందు ఏ ఏడాదీ ఆయన 49 దాటలేదు. ఆ శిక్షకుడు నోరు విప్పనంటూ 2007 ఆగస్టు నాటికి జైల్లోనే ఉన్నాడు. కోర్టులో ఏదీ రుజువు కాలేదనీ, స్టెరాయిడ్లు వాడాడని లీగ్ ఆయన్ను ఒక్క రోజూ శిక్షించలేదనీ, ఎదురుగా బంతి విసిరినవాళ్లలోనూ మందు మింగినవాళ్లు ఉండే ఉంటారనీ బాండ్స్ అభిమానులు అంటున్నారు. అందులో నిజం లేకపోలేదు. అయితే మా కోపం బాండ్స్ మీదకన్నా ఆ జేబుల మీద ఎక్కువ. వాటిని నింపిందెవరు?

1994 గుర్తు చేసుకోవాలి. ఆటగాళ్ల సమ్మెతో ఆ ఏడాది లీగ్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ రద్దయింది. 1904 తర్వాత అలా జరగడం అదే మొదలు. అప్పటికి తాత్కాలిక కమిషనర్‌గా ఉన్న సెలిగ్ గారే ఆ రద్దు ప్రకటించారు. కోటీశ్వరుల యజమానులకూ లక్షాధికారుల ఆటగాళ్లకూ మధ్య కొట్లాట చూసి జనం విసిగిపోయారు, స్టేడియాలు పలచబడ్డాయి. వాళ్లను వెనక్కి లాక్కొచ్చింది 1998 వేసవి. మార్క్ మెక్‌గ్వైర్ 70, సామీ సోసా 66. రోజర్ మారిస్ 1961లో కొట్టిన 61ని ఇద్దరూ దాటేశారు. ఆ వేసవిలోనే మెక్‌గ్వైర్ లాకర్‌లో ఆండ్రోస్టెన్‌డయోన్ సీసా ఒక విలేకరి కంటపడింది. కండబలం కోసం వాడే, ఒలింపిక్స్‌లో నిషేధించిన మందు అది. బేస్‌బాల్‌లో అప్పటికి నిషేధం లేదు. వార్త రాసిన విలేకరి మీద విరుచుకుపడ్డారే తప్ప సీసా సంగతి ఎవరూ గట్టిగా అడగలేదు. టికెట్లు అమ్ముడవుతున్నాయి కదా!

అంతకు ఏడేళ్ల ముందే, 1991లో, స్టెరాయిడ్లు వాడకూడదని అప్పటి కమిషనర్ అన్ని జట్లకూ లేఖ పంపారు. పరీక్షలు లేని నిషేధం అది. తాళం వేయని తలుపుకు ‘లోనికి రాకూడదు’ అని బోర్డు కట్టినట్టు. పరీక్షలు మొదలయ్యేసరికి 2003 వచ్చింది. అవీ పేర్లు చెప్పని పరీక్షలే. అయిదు శాతానికి పైగా దొరికారు. 2004లో మొదటిసారి దొరికినవాడికి చికిత్సే తప్ప ఒక్క మ్యాచ్ కూడా నిషేధం లేదు. 2005లో పది రోజులకు పెంచారు. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ పిలిచి కూర్చోబెట్టి దుమ్ము దులిపితే గానీ 50 మ్యాచ్‌ల శిక్ష రాలేదు. దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటాం మనం. ఇక్కడ పరీక్షలు మొదలవడానికే పన్నెండేళ్లు పట్టింది. ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదని జట్ల యజమానులు అంటారు. ఆటగాళ్ల సంఘం మొండికేసిన మాట నిజమే. కానీ జీతాల మీద పరిమితి కోసం వరల్డ్ సిరీస్‌నే బలిపెట్టినవాళ్లు, మందుల పరీక్ష కోసం ఒక్క ఆదివారం ఆటనైనా ఆపుకున్నారా?

బాండ్స్ విషయంలోనూ అదే వ్యాపారం. ఈ అంకె దగ్గరపడుతోందని తెలిసే ఆయన జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ యాజమాన్యం 2007 ఒక్క సీజన్‌కు ఆయనకు కోటీ 58 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పందం రాసింది. జట్టు పాయింట్ల పట్టికలో అడుగున పడి ఉన్నా స్టేడియం నిండింది. టికెట్లు కొన్నవాళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లోని (బే ఏరియా) మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. 2007 జూలైలో మేటి ఆటగాళ్ల ఆల్‌స్టార్ మ్యాచ్‌ను లీగ్ ఎక్కడ పెట్టింది? ఇదే శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఇదే స్టేడియంలో. బాండ్స్‌ను మొదటి వరుసలో నిలబెట్టి చప్పట్లు కొట్టించుకుంది. జూలైలో పండగ బొమ్మ అయినవాడు ఆగస్టులో అంటరానివాడు ఎలా అయ్యాడు? 2006లో బేస్‌బాల్ చూడటానికి 7 కోట్ల 60 లక్షల మంది వచ్చారని రొమ్ము విరుచుకున్నదీ ఈ లీగే. ఆ జనంలో హోమ్ రన్ కోసం వచ్చినవాళ్లను విడదీసి, వాళ్ల టికెట్ డబ్బులు తిరిగి ఇస్తారా?

రికార్డు పక్కన, అది అనుమానాస్పదమని తెలిపే చుక్క గుర్తు పెట్టాలని ఇతర ఊళ్ల ప్రేక్షకులు అట్టలు పట్టుకుని అరిచారు. పెట్టండి. 756 పక్కన పెడితే 1998 పక్కనా పెట్టాలి, ఆ ఏడాది లాభనష్టాల పద్దు పక్కనా పెట్టాలి. చుక్కలు చాలకపోవచ్చు.

ఈ వ్యవహారంలో మనసు నొచ్చుకునేది ఆరన్ గురించే. అంతకు ముందు రికార్డు అయిన బేబ్ రూత్ 714 హోమ్ రన్‌లను ఒక నల్లజాతీయుడు దాటబోతున్నాడన్న కసితో 1973లో ఆయనకు బూతులు, చంపుతామన్న బెదిరింపులు గుట్టలుగా వచ్చిపడ్డాయి. ఆ ఏడాది ఆయనకు అందిన ఉత్తరాలు 9 లక్షల పైమాటే. 713 దగ్గర సీజన్ ముగిస్తే, వసంతం దాకా బతికుంటానో లేదో అన్న భయంతో ఒక చలికాలమంతా గడిపిన మనిషి ఆయన. 1974 ఏప్రిల్ 4న సిన్సినాటిలో 714 కొట్టి సమం చేసినప్పుడు నాటి కమిషనర్ బౌయీ కూన్ అక్కడ ఉన్నారు. నాలుగు రోజులకు అట్లాంటాలో 715 కొట్టి దాటినప్పుడు లేరు. క్లీవ్‌లాండ్‌లో వేరే పని ఉందని ప్రతినిధిని పంపారు. ఆ గాయం ఆరన్ మరచిపోలేదు.

సమం చేసినప్పుడు హాజరు, దాటినప్పుడు గైర్హాజరు. 33 ఏళ్ల తర్వాత అచ్చంగా అదే. అప్పటి మనిషి మచ్చలేనివాడు, ఇప్పటి మనిషి మీద అనుమానం. కుర్చీకి మాత్రం తేడా తెలియలేదు. పైగా సెలిగ్ ఆరన్‌కు చిరకాల మిత్రుడు. ఆరన్ ఆఖరి రెండు సీజన్లు ఆడింది సెలిగ్ సొంత జట్టు మిల్వాకీ బ్రూవర్స్‌కే. మిత్రుడి రికార్డు పోతోందని అంత బాధ ఉంటే, దాన్ని కాపాడే అధికారం అప్పటికి పదిహేనేళ్లుగా ఆయన చేతిలోనే ఉంది. ఆ చేయి అప్పుడూ జేబులోనే ఉంది.

2007 ఆగస్టు నాటికి మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ బేస్‌బాల్‌లో మందుల వాడకంపై విచారణ జరుపుతున్నారు, అన్నీ బయటికి వస్తాయన్నారు. మిచెల్ పెద్దమనిషే, కాదనం. కానీ ఆయన అప్పుడు బోస్టన్ రెడ్ సాక్స్ జట్టులో డైరెక్టర్ కూడా. యజమానుల పంక్తిలో కూర్చున్నవాడే యజమానులను విచారించాలి! ఆ నివేదికలో ఆటగాళ్ల పేర్లు బారులు తీరతాయనీ, టీవీలు వాటినే చదువుతాయనీ అప్పుడే తెలుసు. ఏ జట్టు మేనేజర్‌కు ఏం తెలుసు, ఏ యజమాని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, 1998లో కమిషనర్ కార్యాలయం ఆ సీసా గురించి ఏం రాసుకుంది అన్నవి కూడా అందులో లేకపోతే ఆ కాగితాలు పొట్లాలు కట్టుకోవడానికే పనికొస్తాయి.

సెలిగ్ గారూ, మీరు చప్పట్లు కొట్టకపోయినా ఎవరికీ నష్టం లేదు. చేతులు మాత్రం బయటికి తీయండి. తీసేటప్పుడు ఆ జేబుల్లో ఉన్నదీ బల్ల మీద పెట్టండి, జనం లెక్క చూసుకుంటారు.