మహారాజశ్రీ డీజిల్ ట్యాంకు గాలి పైపు గారికి

బెంగళూరు పాత క్యారవాన్ బండ్లవాళ్ళం నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అనడానికి నోరు రావడం లేదు. తమరు మాత్రం కుశలమే. బండి కింద నీడలో, ఎవరి కంటా పడకుండా కాలక్షేపం చేస్తున్నారు. కష్టాలన్నీ పైన నిలబడ్డవాళ్ళవి. శుక్రవారం సాయంత్రం, లేపాక్షికో గండికోటకో బయల్దేరి, హెబ్బాళ దాటాక బళ్ళారి రోడ్డు మీద బంకులో ఆగితే, నాజిల్ పెట్టగానే టక్. మళ్ళీ నొక్కితే లీటరున్నర, మళ్ళీ టక్. అరవై లీటర్లకు నలభై టక్కులు. వెనక క్యాబులు హారన్లు కొడుతుంటాయి. బంకు కుర్రాడు "ఏర్‌లాక్ ఆగిదె సార్, గాడి అల్లాడ్సి" అంటాడు, అంటే లోపల గాలి అడ్డుపడింది, బండి ఊపండి అని. మంచం, వంటగట్టు, వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు మోస్తున్న బండిని ఊపడమంటే మాటలా!

ఇంత జరిగినా తమరి మీద ఈగ వాలదు. నాజిల్ పాడంటారు, బంకు ప్రెషర్ ఎక్కువంటారు, ఈ మధ్య డీజిల్‌కి నురగ ఎక్కువైందంటారు. పాపం నాజిల్ తన పని తాను చేస్తోంది. దాని మూతి దగ్గర చిన్న కన్నం ఉంటుంది. డీజిల్ పారుతున్నంతసేపూ ఆ కన్నం గాలి పీలుస్తుంటుంది. నురగో డీజిలో వచ్చి కన్నాన్ని మూసిందా, లోపల వాక్యూమ్ పెరిగి డయాఫ్రమ్ అనే పల్చటి పొర కదిలి ట్రిగ్గర్ వదిలేస్తుంది. అంటే డీజిల్ మెడదాకా, అనగా పోసే గొట్టం పై మూతిదాకా, వచ్చిందని అది నిజమే చెబుతోంది. ట్యాంకు సగం ఖాళీగా ఉండగా మెడదాకా ఎందుకొచ్చిందన్నదే ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సింది తమరు.

మెజెస్టిక్‌లో సిటీ బస్సు ఆగినప్పుడు చూడండి. దిగేవాళ్ళు దిగితేనే ఎక్కేవాళ్ళకు చోటు. కారు నాజిల్ నిమిషానికి సుమారు 40 లీటర్లు పోస్తుంది, కాబట్టి నిమిషానికి 40 లీటర్ల గాలీ దిగాలి. ఆ తలుపు తమరే. 12 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉంటే గాలి హాయిగా పోతుంది. అదే ఎక్కడో నలిగి 4 మిల్లీమీటర్లయితే దారి మూడో వంతు కాదు, తొమ్మిదో వంతు. అప్పుడు గాలి తమరిని వదిలేసి డీజిల్ పోసే పెద్ద గొట్టంలోంచే దానికి ఎదురొస్తుంది. గుడగుడ, నురగ, టక్. లారీల హై-ఫ్లో నాజిల్ అందుకుంటే ఇక చెప్పనక్కర్లేదు.

నలగడం ఒక నేరం. వేలాడడం అంతకన్నా పెద్దది. క్లిప్పు ఊడి తమరు మధ్యలో ఊయలలా దిగారనుకోండి, ఆ వంపులో డీజిల్ చేరి, సింకు కింద వంపు పైపులో నీళ్ళలా తిష్ఠ వేస్తుంది. వంపు పది సెంటీమీటర్ల లోతుంటే, ఫిల్లర్ గొట్టంలో డీజిల్ ట్యాంకు మట్టం కన్నా పది సెంటీమీటర్లు పైకి లేస్తేగానీ లోపలి గాలి కదలదు. చాలా క్యారవాన్లలో మెడ ఎత్తే అంతంత మాత్రం. పైన చూస్తే పైపు చక్కగా ఉంటుంది, బిగింపు గట్టిగా ఉంటుంది, మెకానిక్ "ఏమీ లేదు సార్" అంటాడు.

తమరిలా తయారవడంలో తప్పంతా తమరిదే అనం. వ్యాన్‌ని క్యారవాన్ చేసేటప్పుడు ప్లైవుడ్, లైట్లు, పరుపు గురించి నెల రోజులు చర్చిస్తారు. ఫిల్లర్ మూతి మంచానికి అడ్డమొస్తే అరమీటరు పక్కకి జరుపుతారు. పెద్ద గొట్టానికి మంచి హోస్ వేస్తారు. తమరికి మాత్రం మిగిలిన ముక్క, అదీ తోటకి నీళ్ళు పట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు! డీజిల్‌లో అది నెమ్మదిగా గట్టిపడి పగులుతుంది, సైలెన్సర్ వేడికి మెత్తబడి మడత పడుతుంది. ఆపైన నీళ్ళ ట్యాంకు బ్రాకెట్టు తమరి మీదే కూర్చుంటుంది.

అందుకే ఇదే నోటీసు. ఆదివారం పొద్దున, సైలెన్సర్ చల్లారాక, ట్యాంకు పావు వంతులో ఉండగా తమరి పరీక్ష. మట్టంగా ఉన్న చోట బండి నిలిపి, చక్రాలకు అడ్డాలు పెట్టి, డీజిల్ మూత తీసేస్తాం. మెడ దగ్గర తమరి పై కొస ఊడదీసి, శుభ్రమైన వేరే గొట్టం ముక్క తగిలించి నోటితో ఊదుతాం. పీల్చేది మాత్రం లేదు. తేలిగ్గా పోయి మెడలోంచి గాలి వస్తే తమరు నిర్దోషి. బుడగల చప్పుడొస్తే వంపులో డీజిల్ ఉన్నట్టు. అసలు పోకపోతే మడతో, నలుగుడో, కందిరీగ మట్టిగూడో. పంక్చర్ షాపు కంప్రెసర్ జోలికి పోం. మూసుకున్న ట్యాంకులో ఒక్క పీఎస్‌ఐ (టైర్ల గాలి కొలిచే లెక్క) ఒత్తిడి చేరినా 40 బై 60 సెంటీమీటర్ల రేకు మీద 160 కిలోలకు పైగా పడుతుంది, ట్యాంకు బూరెలా పొంగుతుంది.

తమరు నిర్దోషి అని తేలితే మెడలోని జాలీ, ఆ తర్వాత పెద్ద గొట్టం చూస్తాం. పాత రబ్బరు బయటికి నిగనిగలాడుతూ లోపలి పొర ఊడి నాలుకలా అడ్డం పడుతుంది. ఊడదీసి ఒక కొస నుంచి టార్చి వేసి చూస్తేగానీ దొరకదు.

దోషి అని తేలితే బెంగళూరులో బండి విడిభాగాలు దొరికే జేసీ రోడ్డే గతి. అడగాల్సింది "డీజిల్ హోస్, నైట్రైల్ రబ్బరు, లోపల దారం అల్లికది". మలుపులు ఎక్కువుంటే తీగ చుట్ట ఉన్నది. సైజు బయట కొలిస్తే మోసపోతాం, ట్యాంకు నిపుల్‌ని, అంటే పైపు తొడిగే మూతిని, కొలవాలి. పొడవు కోసం బైండింగ్ వైరుని అసలు దారి వెంట వంచి, తీసి చాపి, ఒక జానెడు కలుపుకోవాలి. పాత పైపుని కొలిచి అంతే తెస్తే పాత వంపే మళ్ళీ వస్తుంది. ట్యాంకు వైపు నిపుల్ తరచూ పైన ఉంటుంది. చెయ్యి దూరకపోతే డీజిల్ వీలైనంత తీసేసి, కింద చెక్క పెట్టి జాకీ ఆనించి, పట్టీలు వదులు చేసి, ట్యాంకుని ఓ జానెడు దించాలి. ఆ లోపు గేజి వైర్లు, డీజిల్ పైపులు లాగబడకుండా చూసుకోవాలి. దారి ట్యాంకు నుంచి మెడదాకా ఎక్కడా దిగకుండా ఎక్కుతూనే పోవాలి. అడుగుకో క్లిప్పు. సైలెన్సర్‌కి దూరం. క్లిప్పుని రబ్బరు కోసుకుపోయేదాకా బిగించే పహిల్వాన్లకు స్పానర్ ఇవ్వరాదు. మెడకీ బండి బాడీకీ మధ్య ఎర్త్ వైరు ఉంటే దాన్ని తిరిగి తగిలించాలి, స్థిర విద్యుత్తు కోసమే అది ఉంది. పాత ట్యాంకు దగ్గర వెల్డింగ్ మాటే ఎత్తొద్దు.

ఒక్క విషయంలో తమరిని సమర్థిస్తాం. ట్యాంకు లోపల తమరి కొస కొంచెం కిందికి దిగి ఉంటే అది లోపం కాదు. డీజిల్ అక్కడిదాకా రాగానే గాలి ఆగి "నిండింది" అనిపించడం తమరి ఉద్యోగం. దాన్ని కోసేసి ఇంకో మూడు లీటర్లు పట్టించాలని చూసేవాళ్ళున్నారు. 70 లీటర్లు 15 డిగ్రీలు వేడెక్కితే ముప్పావు లీటరు పైనే పెరుగుతుంది. చల్లటి భూగర్భ ట్యాంకులోంచి వచ్చిన డీజిల్ చిత్తూరు ఎండలో ఎక్కడికి పోవాలి?

అంతదాకా బంకులో నాజిల్‌ని పక్కకి తిప్పి, రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి లాగి, సగం నొక్కి కాలం వెళ్ళదీస్తాం. కన్నం నురగకి కాస్త దూరమవుతుంది, అంతే. హారన్లు తగ్గవు.

ఇట్లు,
బండి కింద గోనెసంచి పరుచుకున్నవాళ్ళం

తా.క.: తమరిని చెత్తలో పడేస్తామని భయపడొద్దు. జేసీ రోడ్డుకి వెంట తీసుకెళ్ళి కౌంటర్ మీద పడుకోబెట్టి, "అన్నా, ఇలాంటిది తప్ప ఏదైనా ఇవ్వు" అంటాం.