తోరాలో ఒక్క అక్షరమూ మారలేదా?

యూదుల తోరా (మోషే పంచకాండాలు) గురించి ఒక సందేశం సోషల్ మీడియాలో ఏళ్లుగా తిరుగుతోంది. అందులో ఉండేది ఇంతే: మోషే రాసిన తోరాలో 304,805 అక్షరాలున్నాయి, 3,300 ఏళ్లలో ఒక్కటీ మారలేదు. రాసేటప్పుడు ఒక్క తప్పు పడినా చుట్టంతా (తోలుపత్రాలు కుట్టి చుట్టిన గ్రంథమంతా) పాతిపెట్టేస్తారు. మృతసముద్రపు చుట్టలు దొరికాక ఇదంతా రుజువైంది. పైగా ఆ అక్షరాల వరసలో రహస్య సంకేతాలున్నాయి. పంపేవాళ్లు భక్తితోనే పంపుతున్నారు. కానీ ఇందులో ఏ ముక్కా ఉన్నదున్నట్టు నిజం కాదు. అంతకన్నా బాధాకరం, తోరా లేఖకులు నిజంగా పడ్డ శ్రమ ఈ అతిశయోక్తి కింద కనబడకుండా పోవడం.

"ఒక్క తప్పు పడితే చుట్టంతా పాతిపెడతారు"

అలా అయితే ప్రపంచంలో ఒక్క చుట్టా మిగిలేది కాదు. తోరా రాసే లేఖకుడు (సోఫేర్) శుద్ధమైన జంతువు చర్మంతో చేసిన తోలుపత్రం మీద, సిరా లేకుండా మొనతో గీసిన గీతల వెంట, పక్షి ఈకతో గానీ రెల్లు కలంతో గానీ రాస్తాడు. సిరా మాచికాయ, తుమ్మజిగురు, అన్నభేది కలిపి కాచింది. ఎదుట సరిచూసిన ప్రతి ఉండాలి, ప్రతి మాటా పైకి పలికి రాయాలి. ఎంత కంఠస్థం వచ్చినా చూడకుండా రాయకూడదు. వేదం నోటితోనే నిలవాలన్న మన సంప్రదాయానికి ఇది సరిగ్గా తిరగేసిన పద్ధతి.

తప్పు పడితే సిరా ఆరాక కత్తితో గీకి, ఆ చోటే మళ్లీ రాస్తారు. అందులోనూ ఒక మెలిక ఉంది. దాలెత్, రేష్ అనే హీబ్రూ అక్షరాలకు తేడా పైన కుడి మూల ఒక్కటే. దాలెత్‌కు మూల పదునుగా ఉంటుంది, రేష్‌కు గుండ్రంగా ఉంటుంది. రేష్ రాయాల్సిన చోట దాలెత్ పడితే, ఆ మూలను కాస్త గీకి రేష్ చేసేస్తే చెల్లదు. అక్షరం రాయడం వల్ల పుట్టాలి గాని గీకడం వల్ల పుట్టకూడదు. మొత్తం చెరిపి కొత్తగా రాయాల్సిందే.

చెరపరానిది దేవుని నామం ఒక్కటే. అక్కడ తప్పు వస్తే ఆ పత్రాన్ని తీసి భద్రంగా పాతిపెడతారు. పత్రాలను జంతువు నరాలతో కలిపి కుడతారు కాబట్టి ఆ ఒక్క పత్రం మారిస్తే చాలు. ప్రతి పుటలోనూ నాలుగేసి తప్పులుంటే చుట్టను పక్కన దాచేయాలన్న మాట తల్మూద్‌లో (యూదు పండితుల చర్చల ప్రాచీన సంకలనంలో) ఉంది. ఈ పుకారు బహుశా అక్కణ్నుంచే పుట్టింది. అయితే సరైన పుట ఒక్కటున్నా అది మిగతావాటిని కాపాడుతుందని కూడా అక్కడే ఉంది. దిద్దని పుస్తకాన్ని 30 రోజులకు మించి ఇంట్లో ఉంచుకోవద్దన్నదీ తల్మూద్ మాటే. దిద్దడానికి గడువు పెట్టారంటే దిద్దడం మామూలు సంగతన్నమాటే కదా.

"304,805 అక్షరాలు, ఒక్కటీ మారలేదు"

ఈ అంకె ఇవాళ్టి అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్ మూలాల), సెఫార్దీ (స్పెయిన్ మూలాల) యూదుల చుట్టలకు సరిపోతుంది. కానీ అదే నియమాలతో, అంతే భయభక్తులతో రాసిన యెమెన్ యూదుల చుట్టల్లో తొమ్మిది అక్షరాల దగ్గర తేడా ఉంది. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం మొదట్లో 'దక్కా' అన్న మాటకు చివర ఆలెఫ్ రాయాలా, హే రాయాలా అన్నది అలాంటి చోటే. అర్థం మారదు, ఉచ్చారణా మారదు. కానీ అక్షరం మారింది.

దీన్ని బయటివాళ్లు కనిపెట్టలేదు, యూదు పండితులే రాసిపెట్టారు. తల్మూద్‌లోని కిద్దుషీన్ భాగం చూడండి. లేవీయకాండం 11:42లో 'గాహోన్' అనే మాటలోని వావ్ అక్షరం తోరాకు సరిగ్గా నడుమ ఉందని పూర్వులు లెక్క చెప్పారు. ఆ వావ్ మొదటి సగంలోకి వస్తుందా రెండో సగంలోకా అని ప్రశ్న వచ్చింది. చుట్ట తెప్పించి లెక్కపెడదామంటే వచ్చిన జవాబు ఇది: పూర్ణాక్షరాలూ లోపాక్షరాలూ ఎక్కడ రాయాలో వాళ్లకు బాగా తెలుసు, మనకు అంత తెలియదు. అంటే అచ్చుల్ని సూచించే వావ్, యోద్ వంటివి ఎక్కడ రాయాలి, ఎక్కడ వదలాలి అన్న విషయంలో తమకు రూఢి లేదని వాళ్లే ఒప్పుకున్నారు. నేటి పాఠంలో లెక్కపెడితే నడిమి అక్షరం లేవీయకాండం 8వ అధ్యాయంలో పడుతుంది, ఆ వావ్‌కు నాలుగు వేల అక్షరాలకు పైగా దూరం. అదే చోట వచనాలు 5,888 అని ఉంది. ఇవాళ్టి లెక్క 5,845.

16వ శతాబ్దంలో పోలండ్‌లోని క్రాకోలో ఉన్న యూదు ధర్మశాస్త్ర పండితుడు మోషే ఇస్సెర్లెస్ తీర్పు మరీ సూటిగా ఉంటుంది. సభలో చదువుతుండగా ఇలాంటి లోపాక్షరం దొరికితే ఇంకో చుట్ట తీయనక్కరలేదన్నాడు, ఎందుకంటే ఆ రెండోది ఇంతకన్నా సరైనదని చెప్పగలిగేటంత కచ్చితత్వం మన చుట్టల్లో లేదు. ధర్మశాస్త్రం ఇంత నిజాయితీగా మాట్లాడుతుంటే దాని పేరు మీద మనం అబద్ధం మోయడం దేనికి?

ఇక 'మోషే రాసిన అక్షరాలు' అన్నమాట. ఇప్పుడు చుట్టల్లో కనబడే చదరపు లిపి బబులోను చెర (యూదులను బబులోనుకు బందీలుగా తీసుకుపోయిన కాలం) తర్వాత అరామిక్ లిపి నుంచి వచ్చింది. మొదట లిపి వేరని తల్మూద్‌లోని సన్హెద్రీన్ భాగమే చెబుతుంది.

"మృతసముద్రపు చుట్టలు రుజువు చేశాయి"

1947 నుంచి 1956 దాకా మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్ దగ్గర 11 గుహల్లో దొరికిన ప్రతులు ఈ సందేశానికి అండగా నిలవవు. పేరుమోసిన పెద్ద యెషయా చుట్టనే (తోరా కాదు, ప్రవక్త గ్రంథం) తీసుకోండి. 7.34 మీటర్ల పొడవు, 54 పుటలు, క్రీ.పూ. రెండో శతాబ్దం నాటిది. ఇవాళ్టి పాఠంతో పోలిస్తే తేడాలు వేలల్లో ఉన్నాయి. చాలామటుకు వర్ణక్రమం తేడాలే గాని అన్నీ కాదు.

యెషయా 6:3లో "పరిశుద్ధుడు" అని మూడుసార్లు వస్తుందని ఏ విశ్వాసినడిగినా చెబుతారు. ఈ చుట్టలో రెండుసార్లే ఉంది. 40వ అధ్యాయంలో 7, 8 వచనాల దగ్గర జరిగింది ఇంకా స్పష్టం. హీబ్రూలో రెండు వచనాలూ "గడ్డి ఎండును, పువ్వు వాడును" అన్న ఒకే మాటలతో మొదలవుతాయి. లేఖకుడు మొదటిచోట ఆ మాటలు రాసి తల తిప్పాడు. మళ్లీ చూసేసరికి కన్ను రెండోచోట పడింది, నడుమ ముక్క ఎగిరిపోయింది. తర్వాత ఇంకెవరో ఆ ముక్కను పంక్తుల మధ్య ఇరికించి, చోటు చాలక పక్క అంచున నిలువుగా దించారు. చేతిరాతతో పని చేసిన ఎవరికైనా ఇది తెలిసిన పొరపాటే.

గొల్యాతు ఎత్తు మన తెలుగు బైబిల్లో ఆరుమూళ్ల జేనెడు. నాలుగో గుహలో దొరికిన సమూయేలు ప్రతిలోనూ పాత గ్రీకు అనువాదంలోనూ నాలుగుమూళ్ల జేనెడే. తోరాకే వస్తే, ద్వితీయోపదేశకాండం 32:8లో "ఇశ్రాయేలు కుమారుల లెక్క" అని ఉన్నచోట కుమ్రాన్ ముక్కలో "దేవుని కుమారులు" అని ఉంది. ఇవి దాస్తే దాగేవి కావు.

సంకేతాల సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. సమాన దూరాల్లో అక్షరాలు ఏరి మాటలు వెతికే పద్ధతిలో, నడుమ ఒక్క అక్షరం చేరినా జారినా దాన్ని దాటే వరసలన్నీ చెదిరిపోతాయి. 1994లో ఒక గణాంకశాస్త్ర పత్రికలో ఆదికాండం సంకేతాల మీద వ్యాసం వచ్చింది. 1999లో అదే పత్రిక దానికి వివరమైన ఖండన వేసింది.

ఇదంతా చదివి "అయితే మొత్తం మార్చేశారన్నమాట" అని ఎదురు సందేశం తయారుచేసేవాళ్లూ ఉన్నారు. అదీ అంతే తప్పు. 1970లో మృతసముద్రం ఒడ్డున ఎన్‌గెదీ దగ్గర పాత సినగాగులో (యూదుల ప్రార్థనామందిరంలో) కాలి బొగ్గయిన చుట్ట ఒకటి దొరికింది. ముట్టుకుంటే పొడైపోయే స్థితి. 2015, 16 సంవత్సరాల్లో దాన్ని విప్పకుండానే ఎక్స్‌రే స్కానింగ్ చేసి, పొరలను కంప్యూటర్‌లో విడదీసి చదివారు. కార్బన్ పరీక్ష ప్రకారం అది క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాలది. లోపల ఉన్నది లేవీయకాండం మొదటి రెండు అధ్యాయాలు. చదవగలిగినంత మేర హల్లులన్నీ ఇవాళ్టి పాఠంతో అక్షరానికి అక్షరం సరిపోయాయి.