సవరణ: మారిజోమిబ్‌కు ఆమోదం రాలేదు

సముద్రపు బ్యాక్టీరియా నుంచి వచ్చిన మారిజోమిబ్ అనే మందును మెదడు క్యాన్సర్‌కు ఇప్పటికే వాడుతున్నారని పోయిన పోస్టులో రాశాను. అది తప్పు. ప్రయోగ దశ వార్తను ఆమోదం వార్తగా చదివాను.

గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ ఉన్న రోగులకు మామూలు చికిత్సతో పాటు ఈ మందును కూడా ఇచ్చి మూడో దశ ట్రయల్ చేశారు. ఆయుష్షు పెరగలేదని ప్రచురితమైన ఫలితాలు చెబుతున్నాయి. పైగా నడకలో తూలడం, లేనివి కనిపించడం లాంటి ఇబ్బందులు వచ్చాయి.

మందు పుట్టుక గురించి రాసింది మాత్రం సరైనదే. బహామాస్ దగ్గర సముద్రం అడుగు మట్టిలో దొరికిన సాలినిస్పోరా ట్రాపికా అనే బ్యాక్టీరియా ఈ పదార్థాన్ని తయారుచేస్తుంది. అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో విలియం ఫెనికల్ బృందం దీని గురించి 2003లో ప్రకటించింది. కణంలో పనికిరాని ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటియాసోమ్‌కు ఇది అతుక్కుపోతుంది, మళ్లీ వదలదు. దాంతో చెత్త పేరుకుపోయి కణం చచ్చిపోతుంది. ల్యాబ్ పాత్రలో ఇది బ్రహ్మాండంగా పనిచేసింది. మనిషి మెదడులో కథ వేరు.

అదే పోస్టులో పేర్కొన్న ట్రాబెక్టెడిన్ అనే మరో మందు సంగతి వేరు, దాన్ని దీనితో కలపకండి. కొన్ని రకాల సార్కోమాలకు (కండరాలు, కొవ్వు లాంటి మెత్తని కణజాలాల్లో వచ్చే క్యాన్సర్లకు) దాన్ని నిజంగానే వాడుతున్నారు. యూరప్‌లో 2007లో, అమెరికాలో 2015లో ఆమోదం వచ్చింది. మొదట దొరికింది ఒక సముద్ర జీవిలో అయినా, దాన్ని తయారుచేసేది ఆ జీవి ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా అని జన్యు పరిశోధనలు సూచించాయి.

పాత పోస్టును ఎవరికైనా ఫార్వర్డ్ చేసి ఉంటే, దయచేసి ఇది కూడా పంపండి.