చెన్నైలో మూడో అంతస్తు, టేబుల్ ఫ్యాను, మా కేసు

పంతొమ్మిదో తారీఖున పోస్ట్‌మాన్ ఒక కవరు ఇచ్చి వెళ్లాడు. పదిహేడో తారీఖు ఉదయం పదకొండు గంటలకు చెన్నైలో మా మీద విచారణ ఉందట, తప్పక హాజరు కావాలట, రాకపోతే మేం లేకుండానే తేల్చేస్తారట. చాలా మర్యాదగా రాశారు. రెండు రోజులు వెనక్కి వెళ్లే బస్సు నరసరావుపేట డిపోలో లేదన్నారు, ఇక ఏం చేస్తాం.

నేను చేసిన నేరం మా బావమరిది ఫైనాన్స్‌లో కొన్న ట్రాలీ ఆటోకు షూరిటీ సంతకం పెట్టడం. ఇంగ్లీషులో దిండంత అగ్రిమెంటు, పెన్సిల్‌తో ఇంటూ కొట్టిన చోటల్లా సంతకం. చదువుదామని కళ్లద్దాలు తీస్తే "అంతా మామూలేనండీ" అన్నాడు ఏజెంటు. ఆ మామూలులో ఒకటి ఏమిటంటే, పేచీ వస్తే మధ్యవర్తి తీరుస్తాడు, ఆ మధ్యవర్తిని ఫైనాన్స్ వాళ్లే పెడతారు, ఆయన చెన్నైలోనే కూర్చుంటాడు. అత్తింటి వాళ్లు పెట్టిన పెద్దమనిషి అత్తింటి అరుగు మీద చెప్పే పంచాయితీ అన్నమాట.

మా బావమరిది నాలుగు కిస్తీలు తప్పాడు, నిజమే. కట్టాలి, అందులో నాకు పేచీ లేదు.

నాకు ఆ పదిహేడో తారీఖు మీదే మనసంతా. మూడో అంతస్తులో గది. బల్ల వెనక మధ్యవర్తిగారు, ఎదురుగా కంపెనీ వకీలు, పక్కన టేబుల్ ఫ్యాను. బంట్రోతు బయటికొచ్చి మా వాడి పేరు మూడుసార్లు పిలుస్తాడు, మూడుసార్లూ మూడు రకాలుగా. వరండాలో ఉన్నది కాఫీ కుర్రాడొక్కడే, వాడు "నేను కాదు సార్" అంటాడు. ప్రతివాది రాలేదని మధ్యవర్తిగారు ఎంతో బాధపడుతూ రాసుకుంటారు. వకీలు లేచి అసలు, వడ్డీ, ఆలస్యపు వడ్డీ, లాక్కున్న బండిని ఉంచిన యార్డు అద్దె అన్నీ గుక్క తిప్పుకోకుండా చదువుతుంటే, ఫ్యాను మాత్రం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు అడ్డంగా తలాడిస్తూనే ఉంటుంది. ఆ గదిలో మా తరఫున కాదని చెప్పింది అదొక్కటే. అదీ రికార్డుకు ఎక్కలేదు. కాఫీ చల్లారేలోపు జడ్చర్ల ట్రాక్టరు కేసూ, ఆత్మకూరు జేసీబీ కేసూ కూడా అయిపోతాయి.

ఫలితంతో సంబంధం ఉన్నవాడు తానే ఏకైక మధ్యవర్తిని పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఏకపక్షంగా పెట్టడం తగదని 2024 నవంబరులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం మళ్లీ చెప్పింది. అగ్రిమెంట్లు అచ్చేసే ప్రెస్సుకు ఆ కబురు ఇంకా అందలేదు కాబోలు.

ఆ మధ్యవర్తి తీర్పు వచ్చాక కాదనాలంటే మూడు నెలల్లో మళ్లీ చెన్నై కోర్టుకే పోవాలి. వసూలుకు మాత్రం అలా కాదు. ఆస్తి ఎక్కడుంటే అక్కడి కోర్టులోనే నేరుగా ఈపీ, అంటే తీర్పు అమలు చేయమనే పిటిషన్, వేసుకోవచ్చని 2018లోనే తేలింది. అంటే మా మాట వినడానికి నరసరావుపేట దూరం, మా ఇంటికి జప్తు చేసే కోర్టు అమీనాను పంపడానికి దగ్గర!

అసలు ఆ బండి పోయిన తీరు చెప్పనివ్వండి. టోల్‌గేటు దగ్గర నలుగురు అడ్డం పడి తాళంచెవి లాక్కున్నారు. పక్కన కూర్చున్న ఏడేళ్ల పిల్లను స్కూలు బ్యాగుతో సహా రోడ్డు మీద దించారు. లోడు టమాటాలు ఎండలో కుమ్మరించారు. ఛార్జింగ్ పెట్టిన ఫోను కూడా తీసుకోనివ్వలేదు. వసూలుకు గూండాలను పంపొద్దని 2007లోనే సుప్రీంకోర్టు అంది. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ కూడా చేయొద్దని 2022లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ పిల్ల ఏ కిస్తీ ఎగ్గొట్టిందిరా మీకు? బండిని మాకు చెప్పకుండా మూడో వంతుకు వేలం వేసి, తక్కువ పడింది కట్టమని మళ్లీ మా మీదే కేసా? సిగ్గనేది ఉండదా?

నావి రెండు ఖాళీ చెక్కులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. అంకె వాళ్లే వేస్తారు, బౌన్సు నేనవుతాను. సెక్షన్ 138 కింద రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కుకు రెట్టింపు దాకా జరిమానా, రెండూ పడొచ్చు. 2019 చివరికే దేశంలో అలాంటి పెండింగు కేసులు 35 లక్షలు దాటాయి, క్యూలో నా వంతు ఎప్పుడో.

నిన్న ఇంకో కవరు వచ్చింది. దయతలచి చివరి అవకాశం ఇస్తున్నారట. చెన్నై రానక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనే విచారణ, లింకు మా బావమరిది ఫోనుకు పంపారట. ఆ ఫోను వాళ్ల యార్డులోనే ఉంది.