యుద్ధవిమానం కొంటాం సరే, తాళం ఎవరి దగ్గర?

2025 జూన్ 14 రాత్రి బ్రిటన్ నౌకాదళానికి చెందిన, అమెరికా తయారీ ఎఫ్-35బి యుద్ధవిమానం ఒకటి తిరువనంతపురంలో అత్యవసరంగా దిగింది. ఆ తర్వాత హైడ్రాలిక్ లోపం బయటపడి అక్కడే ఉండిపోయింది. మనవాళ్లు హ్యాంగర్ ఇస్తామంటే బ్రిటన్ మొదట్లో ఒప్పుకోలేదని వార్తలొచ్చాయి. కోట్లాది డాలర్ల విమానం కేరళ వానలో సీఐఎస్‌ఎఫ్ కాపలా మధ్య ఆరుబయట తడిసింది. జులై 6న బ్రిటన్ నుంచి ఇంజినీర్ల బృందం వచ్చాకే దాన్ని లోపలికి లాగారు. 22న ఎగిరిపోయింది. కేరళ టూరిజం వాళ్లు దాని మీద జోక్ పోస్టర్ వేశారు. మనమూ దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుకుని నవ్వుకున్నాం.

అంతకు నాలుగు నెలల ముందే, ఫిబ్రవరి 13న, ట్రంప్ మన ప్రధాని పక్కన నిలబడి ఎఫ్-35లు భారత్‌కు ఇచ్చేందుకు దారి వేస్తున్నామని ప్రకటించారు. ఆ విమానాన్ని మిత్రదేశపు షెడ్డులో పెట్టడానికే వెనకాడిన తీరు చూశాక ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలి? ఆగస్టులో మన ప్రభుత్వం లోక్‌సభకు చెప్పింది కూడా ఒక్క ముక్కే: దీనిపై అధికారిక చర్చలేవీ జరగలేదు.

టీవీ డిబేట్లలో మాత్రం చర్చ ఇంకో దారిలో పోతుంది. మన మీద నిఘా పెట్టే దేశం దగ్గర విమానాలు ఎలా కొంటాం అని ఒకరు, స్నేహం వేరు వ్యాపారం వేరు అని ఇంకొకరు. నా లెక్కలో ఆ మొదటి ప్రశ్నే తప్పు. నిఘా పెట్టని దేశం దగ్గరే కొనాలంటే అసలు ఎవరి దగ్గరా కొనలేం.

నిఘా పెట్టే దేశం దగ్గర కొనొద్దన్న వాదనకు అందరూ తెచ్చే ఉదాహరణ బ్రెజిల్. 2013లో అమెరికా నిఘా గుట్టు విప్పిన స్నోడెన్ పత్రాలు బయటపడ్డాయి. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ సాక్షాత్తూ అధ్యక్షురాలు డిల్మా రూసెఫ్ సంభాషణలపైనా, ప్రభుత్వ చమురు సంస్థ పెట్రోబ్రాస్‌పైనా కన్నేసిందని సెప్టెంబరులో తెలిసింది. ఆమె వాషింగ్టన్ పర్యటన మానుకున్నారు. ఐక్యరాజ్యసమితి వేదిక మీదే అమెరికాను దులిపేశారు. డిసెంబరు 18న బ్రెజిల్ 36 యుద్ధవిమానాల కోసం బోయింగ్ సూపర్ హార్నెట్‌ను, ఫ్రాన్స్ రఫేల్‌ను పక్కన పెట్టి స్వీడన్ గ్రిపెన్‌ను ఎంచుకుంది. అప్పటి అంచనాల్లో దాదాపు 450 కోట్ల డాలర్ల బేరం అది. ధర, టెక్నాలజీ బదిలీ చూసే ఎంచుకున్నామని అధికారికంగా చెప్పారు. ఎన్‌ఎస్‌ఏ వ్యవహారమే అమెరికన్ల కొంప ముంచిందని పేరు చెప్పని ప్రభుత్వ వర్గం ఒకటి రాయిటర్స్‌కు చెప్పింది.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది, నీతి కూడా దొరుకుతుంది. కానీ ఆ గ్రిపెన్‌లో ఉన్న ఇంజన్ జనరల్ ఎలక్ట్రిక్ ఎఫ్414. తిరస్కరించిన సూపర్ హార్నెట్‌లో ఉన్నదీ ఆ కుటుంబం ఇంజనే. అంటే అమెరికా ముందు తలుపు నుంచి పోయి, ఇంజన్ రూపంలో వెనక తలుపు నుంచి వచ్చింది. ఇంకో ముచ్చట. స్వీడన్ నిఘా సంస్థ రష్యా సమాచారం సేకరించి ఎన్‌ఎస్‌ఏకు అందిస్తోందని స్వీడన్ ప్రభుత్వ టీవీ అదే డిసెంబరులో బయటపెట్టింది. గ్రిపెన్‌ను అది ఆపలేదు. నిఘా గురించి తెలియడం ఒకటి, అది పేపరెక్కి పరువు తీయడం ఇంకొకటి. రూసెఫ్‌కు అడ్డుపడింది రెండోది. ఫోన్ విన్నారని దేశమంతా తెలిశాక వాళ్లతోనే సంతకం పెడుతూ ఫొటో దిగడం ఏ నాయకురాలికైనా కష్టమే. ధరలో, షరతుల్లో గ్రిపెన్‌కు ఎలాగూ బలం ఉంది. సగంలో ఊగుతున్న నిర్ణయాన్ని ఆ అవమానం ఒక పక్కకు నెట్టింది.

మన అనుభవం చూడండి. 2010లో ఎన్‌ఎస్‌ఏ నిఘా పెట్టేందుకు అనుమతి తెచ్చుకున్న విదేశీ సంస్థల జాబితాలో బీజేపీ పేరు ఉందని 2014లో బయటపడింది. అప్పటికే ఆ పార్టీ కేంద్రంలో అధికారంలో ఉంది. అమెరికా దౌత్యాధికారిని పిలిపించి నిరసన చెప్పారు. ఏడాది దాటిన కొద్ది నెలలకే, 2015 సెప్టెంబరులో, 22 అపాచీ, 15 చినూక్ హెలికాప్టర్లకు సంతకాలు అయిపోయాయి. బ్రెజిల్‌లో కొంప ముంచిందన్న పని మన దగ్గర ఒక రోజు హెడ్‌లైన్‌తో సరిపోయింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి మన ఓరుగల్లు వాళ్లకు ఢిల్లీ దాకా పోవాల్సిన పని లేదు. 2023 ఎన్నికల ముందు హనుమకొండలో ఏ చోటా నాయకుడికి ఫోన్ చేసినా "సాదా కాల్ వద్దన్నా, వాట్సాప్‌ల చెయ్" అనేవాళ్లు. అసలు మాట ఉంటే ఫోన్లు కారులో పెట్టి వచ్చి మాట్లాడుకునేవాళ్లు. ఆ అనుమానం ఉత్తది కాదేమోనని 2024 మార్చిలో మొదలైన ఫోన్ ట్యాపింగ్ అరెస్టులతో అందరికీ అనిపించింది. కేసు తేలాల్సింది కోర్టులో. కానీ వింటున్నారన్న అనుమానంతో ఎవరూ బేరాలు ఆపలేదు, టికెట్లు అడగడం మానలేదు. మాట్లాడే పద్ధతి మార్చుకున్నారు, అంతే. దేశాలు చేసేదీ దాదాపు ఇదే. భారత్ కూడా సి-130జె, పి-8ఐ విమానాలు కొన్నప్పుడు అమెరికా కమ్యూనికేషన్ ఒప్పందంపై సంతకం పెట్టలేదు. వాళ్ల రహస్య సంకేత పరికరాలు లేకుండానే తెచ్చుకుని మన సొంతవి బిగించుకుంది. కామ్‌కాసా పేరుతో ఆ ఒప్పందంపై సంతకం 2018లో గానీ పడలేదు.

మరి భయపడాల్సింది దేనికి? వినేవాడికన్నా ఆపగలిగేవాడికి. ఎఫ్-35లో శత్రు రాడార్ల వివరాలతో నిండే మిషన్ డేటా ఫైళ్లను అమెరికాలోనే, ఫ్లోరిడాలోని ఎగ్లిన్ వైమానిక స్థావరంలో తయారు చేస్తారు. విడిభాగాలు, మరమ్మతుల వివరాలు తయారీదారు నెట్‌వర్క్ ద్వారా నడుస్తాయి. తమ విమానాల సమాచారం ఎంత బయటికి పోతోందని కొన్న దేశాలే ఆందోళన పడి, దాన్ని వడగట్టే ఏర్పాట్లు అడిగి చేయించుకున్నాయి. సొంత వ్యవస్థలు పెట్టుకునే వీలు ఇజ్రాయెల్ లాంటి ఒకటి రెండు చోట్లకే దక్కింది. 2025 మార్చిలో ఐరోపాలో "కిల్ స్విచ్" పుకారు లేచింది. అలాంటి బటన్ ఏదీ లేదని పెంటగాన్ చెప్పింది. నిజమే కావచ్చు. బటన్ అవసరం ఏముంది? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, విడిభాగాలు ఆరు నెలలు రాకపోతే ఎంత మంచి విమానమైనా షెడ్డులోనే ఉంటుంది.

అనుమానం కొనేవాళ్లకే ఉంటుందనుకుంటే పొరపాటు. టర్కీ రష్యా గగనతల రక్షణ వ్యవస్థ ఎస్-400 తెచ్చుకోగానే, దాని రాడార్ ఎఫ్-35 రహస్యాలు పసిగడుతుందని చెప్పి 2019 జులైలో అమెరికా ఆ దేశాన్ని కార్యక్రమం నుంచే గెంటేసింది. టర్కీ 100 విమానాలు కొందామనుకున్న దేశం, పైగా విడిభాగాలు తయారు చేసే భాగస్వామి. యూఏఈకి 50 ఎఫ్-35లు ఇస్తామని చెప్పి, అక్కడి చైనా కంపెనీ హువావే 5జీ నెట్‌వర్క్ మీద పేచీ పెట్టారు. యూఏఈ విసిగి 2021 డిసెంబరులో ఫ్రాన్స్ దగ్గర 80 రఫేల్ కొనేసి, తర్వాత అమెరికాతో చర్చలు ఆపేసింది. ఎస్-400లు కొన్న మనకు ఈ రెండు ఉదాహరణలూ బాగా వర్తిస్తాయి.

ఆపగలగడం అంటే ఏమిటో మనకు 1998లోనే తెలిసింది. పోఖ్రాన్ పరీక్షల తర్వాత, తేజస్ ఫ్లైట్ కంట్రోల్ మీద అమెరికాలో లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి పనిచేస్తున్న మన ఇంజినీర్లను వెనక్కి పంపించేశారు. కోట హరినారాయణ నాయకత్వంలోని బృందం ఇక్కడే ఆ పని పూర్తి చేసుకుని 2001 జనవరి 4న తేజస్‌ను ఎగరేసింది. అయినా ఇంజన్ మాత్రం ఇప్పటికీ అమెరికాదే. 2021లో 99 ఇంజన్లకు ఆర్డరిస్తే మొదటిది 2025 మార్చిలో చేతికొచ్చింది. అక్కడ కుట్రేమీ లేదు, సరఫరా గొలుసు తెగిందంతే. కొన్నవాడికి మాత్రం ఫలితం ఒకటే.

మన దగ్గర ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. రష్యా మన మీద నిఘా పెట్టదా? పెట్టకుండా ఉంటుందని ఎవరైనా చెబితే నవ్వొస్తుంది. అయినా 260కి పైగా సుఖోయ్-30లు తెచ్చుకున్నాం. నాసిక్‌లో బిగించాం, మిషన్ కంప్యూటర్లు మనవి పెట్టాం, బ్రహ్మోస్ తగిలించి 2017లో ప్రయోగించాం. నమ్మకం అని మనం పిలిచేది అసలు ఇది. విప్పి చూడనిచ్చారు, మార్చుకోనిచ్చారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఎస్-400ల రాక ఆలస్యమైంది, ఆ సంగతి వేరు.

ఎవరి చేతికీ మొత్తం చిక్కకూడదని అందరి దగ్గరా తలా కొంత కొనడం మన పద్ధతి. తెలివైన పద్ధతే, కానీ ఖరీదైనది. రఫేల్, సుఖోయ్, మిరాజ్, జాగ్వార్, మిగ్-29, తేజస్. ఒక్కోదానికి వేరే విడిభాగాలు, వేరే శిక్షణ, వేరే ఆయుధాలు. 2025 సెప్టెంబరులో మిగ్-21లు రిటైరయ్యాక, 42 స్క్వాడ్రన్లు ఉండాల్సిన వైమానిక దళం 29కి పడిపోయింది. అపనమ్మకానికి కట్టే ఈ పన్ను బడ్జెట్ కాగితాల్లో ఎక్కడా విడిగా కనిపించదు.

హైదరాబాద్ పక్కన ఆదిబట్లలో అపాచీ బాడీలు, సి-130జె తోకలు తయారవుతున్నాయి. రఫేల్ బాడీలు హైదరాబాద్‌లో చేసేందుకు దసో, టాటా 2025 జూన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. పాలిటెక్నిక్, ఐటీఐ చదివిన మన పిల్లలకు ఉద్యోగాలొస్తాయి, మంచిదే. కానీ దాన్ని టెక్నాలజీ వచ్చేసినట్టు ప్రచారం చేయడం చూస్తే ఒళ్లు మండుతుంది. రివిట్ ఇక్కడ కొట్టినంత మాత్రాన కోడ్ ఇక్కడికి రాదు. మన అస్త్ర క్షిపణిని రఫేల్‌కు తగిలించాలంటే తయారీదారు సాయం కావాల్సిందే.

కాగితం మీది ఒక్క షరతు ఎంతకాలం పట్టుకుంటుందో వరంగల్‌కు ఒకరు చెప్పాల్సిన పని లేదు. శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న నిబంధన మన మామునూరు విమానాశ్రయాన్ని ఏళ్ల తరబడి ఆపింది. ప్రభుత్వాలు మారినా నిబంధన మారలేదు. చివరికి శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్ ఒప్పుకున్నాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది. అది మన దేశంలో, మన సంస్థతో చేసుకున్న ఒప్పందం. 40 ఏళ్లు ఎగరాల్సిన విమానం కోసం వేరే దేశంతో రాసుకునే కాగితంలో మిషన్ డేటా ఎవరు రాస్తారు, మన ఆయుధం తగిలించాలంటే ఎవరి సంతకం కావాలి, విడిభాగాలు ఆపేస్తే జరిమానా ఎంత అనే మూడు ప్రశ్నలకు జవాబులు ధర కంటే ముందు పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం బల్ల మీదికి రావాలి.