జపాన్ బడుల నుంచి ఆధునిక సాహిత్యం పోయిందా?

జపాన్ ఉన్నత పాఠశాలల్లో కథలు, నవలలు తీసేసి వాటి స్థానంలో ఒప్పంద పత్రాలు, నియమావళులు చదివిస్తున్నారనీ, నత్సుమే సోసెకి, అకుతగావ ర్యూనొసుకే వంటి రచయితలు తరగతి గదులకు దూరమయ్యారనీ, ప్రభుత్వ ఆదేశానికి అందరూ తలవంచారనీ ఒక వాదన ఆ దేశ విద్యాశాఖ 2018లో కొత్త పాఠ్య ప్రణాళికను ప్రకటించినప్పటి నుంచీ విరివిగా ప్రచారంలో ఉంది. ఆ ప్రణాళికలో లోపం లేదని కాదు. లోపం ఉన్న చోటు వేరు, ఈ వాదన వేలెత్తి చూపుతున్న చోటు వేరు.

సాహిత్యాన్ని తొలగించారన్నది మొదటి మాట. 2022 ఏప్రిల్‌కు ముందు ఉన్నత పాఠశాల విద్యార్థులందరికీ నాలుగు క్రెడిట్ల జాతీయ భాషా పాఠ్యాంశం ఒకటి తప్పనిసరిగా ఉండేది. దాన్ని ఇప్పుడు రెండేసి క్రెడిట్ల రెండు పాఠ్యాంశాలుగా విడగొట్టారు. 'ఆధునిక జాతీయ భాష' తార్కిక రచనలకూ నిత్యజీవితంలో అవసరపడే రచనలకూ పరిమితమైతే, 'భాషా సంస్కృతి'లో ప్రాచీన సాహిత్యంతో పాటు ఆధునిక సాహిత్యమూ ఉంది. ఈ రెండోదానికున్న 70 పీరియడ్లలో ఆధునిక రచనల పఠనానికి సుమారు 20 కేటాయించారు. అకుతగావ 1915లో ప్రచురించిన 'రషోమోన్' కథ ఎక్కువగా ఇక్కడే కనిపిస్తుంది. చోటు ఇరుకైందంటే ఒప్పుకోవచ్చు, పోయిందనడం అసత్యం. తొమ్మిదేళ్ల నిర్బంధ విద్యలోనూ నాలుగో తరగతిలో నీమి నాన్కిచి నక్క కథ, ఎనిమిదో తరగతిలో దజాయి ఒసాము రాసిన మెరోస్ కథ యథాతథంగా కొనసాగుతున్నాయి.

ఒప్పంద పత్రాల మాట ఎక్కడ పుట్టిందో వెతకడం కష్టం కాదు. కొత్త విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష కోసం 2017లో విడుదల చేసిన నమూనా ప్రశ్నల్లో కారు నిలిపే స్థలం అద్దె ఒప్పందాన్ని చదివి జవాబు రాయమన్న ప్రశ్న ఒకటి ఉంది. అది నమూనా ప్రశ్నే తప్ప పాఠం కాదు. 2025 జనవరి నుంచి ఆ పరీక్షలో మొత్తం 200 మార్కులకు గాను సాహిత్య రచనపై ప్రశ్నకు 45 మార్కులు, కొత్తగా చేర్చిన నిత్యజీవిత రచనల ప్రశ్నకు 20 మార్కులు ఉన్నాయి.

విద్యాశాఖ ఆదేశానికి అందరూ తలవంచారన్నది మూడో మాట. 'ఆధునిక జాతీయ భాష'లో కథలకు సూత్రప్రాయంగా తావు లేదని శాఖ చెప్పినా, ఒక ప్రచురణ సంస్థ 'రషోమోన్' సహా ఐదు కథలను అదే పుస్తకంలో చేర్చింది. ఆ పుస్తకం ప్రభుత్వ పరిశీలనలో నెగ్గడమే కాక, మొదటి ఏడాది ఆ పాఠ్యాంశంలో అత్యధికంగా ఎంపికైంది. శాఖ మాట నమ్మి కథలను పక్కనబెట్టిన మిగతా ప్రచురణకర్తలకు కోపం రావడంలో ఆశ్చర్యమేముంది?

ఉపాధ్యాయులు 'రషోమోన్' కథను ఎందుకు వదులుకోలేదన్నది ఇక్కడ ముఖ్యం. కొలువు పోయిన సేవకుడొకడు క్యోతో నగర ద్వారం మీద శవాల తల వెంట్రుకలు పీకుతున్న ముసలిదాన్ని పట్టుకుంటాడు. ఈ చచ్చినామె బతికున్నప్పుడు పాము మాంసాన్ని చేపని చెప్పి అమ్మింది, ఆకలి చావు తప్పించుకోవడానికే కనుక అది తప్పు కాదు, నాదీ అంతే అంటుంది ముసలిది. అయితే నేనూ అంతే అని ఆమె బట్టలు ఊడలాక్కుని అతడు చీకట్లోకి పోతాడు. ఒక సమర్థన అది చేసినవారి మీదికే ఎలా తిరుగుతుందో పదిహేనేళ్ల పిల్లలకు ఇంతకంటే బాగా చూపే తార్కిక వ్యాసం ఉంటుందని నేననుకోను. పైగా, అతడు దోపిడీకి నగరంలోకి వెళుతున్నాడని మొదట ముగించిన అకుతగావ, తర్వాత అతడి జాడ ఎవరికీ తెలియదని మార్చాడు. ఆ రెండు ముగింపులనూ పక్కపక్కన పెట్టి పోల్చడం చక్కని తరగతి అభ్యాసం. తర్కం ఒక పుస్తకంలో, కథ మరో పుస్తకంలో ఉండాలన్న విభజనే అసలు పొరపాటు.

ఆ పొరపాటు ఫలితం పై తరగతుల్లో కనిపిస్తుంది. పాత ప్రణాళికలో సోసెకి నవల 'కొకొరో' (1914), నకజిమ అత్సుషి కథ 'సన్‌గెత్సుకి' (1942) ఉన్న ఐచ్ఛిక పాఠ్యపుస్తకంలోనే విమర్శ వ్యాసాలూ ఉండేవి కాబట్టి దాన్ని ఎంచుకున్నవారికి రెండూ అందేవి. ఇప్పుడు 'తార్కిక భాష', 'సాహిత్య భాష' నాలుగేసి క్రెడిట్ల వేర్వేరు ఐచ్ఛికాలు. ప్రవేశ పరీక్షపై దృష్టి పెట్టిన పాఠశాల తార్కిక భాషనూ ప్రాచీన సాహిత్యాన్నీ ఎంచుకుంటే, కాలపట్టికలో సాహిత్య భాషకు చోటు దొరకడం కష్టం. అక్కడి విద్యార్థి 'కొకొరో' తెరవకుండానే చదువు ముగించవచ్చు. రచయితల సంఘమూ సాహిత్య పరిశోధకులూ 2019 నుంచి వ్యక్తం చేసిన ఆందోళనలో బలమైన భాగం ఇదే.