రేణిగుంట–శంషాబాద్ విమానం: నలభై నిమిషాల లెక్కలో తప్పెక్కడ?

తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం జోరుగా తిరుగుతోంది. రేణిగుంట నుంచి శంషాబాద్‌కు విమాన దూరం 560 కిలోమీటర్లనీ, గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి అది 40 నిమిషాల పనేననీ, తిరుమల కొండను తప్పించడానికి చుట్టూ తిప్పి టికెట్టు మీద గంటా పావు వేస్తున్నారనీ దాని సారాంశం. ఉదయం ఆరింటికి తిరుపతిలో ఇల్లు వదిలితే ఏడున్నరకల్లా హైదరాబాద్‌లో పని మొదలుపెట్టవచ్చన్న సలహా దానికి కొసరు.

560 అన్నది రోడ్డు లెక్క. కడప, కర్నూలు మీదుగా పడమరకు వంగి పోయే దారి పొడవు. రెండు విమానాశ్రయాల మధ్య అక్షాంశాల తేడా సుమారు 3.6 డిగ్రీలు, అంటే ఉత్తరానికి దాదాపు 400 కిలోమీటర్లు. పడమరకు జరగవలసింది 120 కిలోమీటర్లే. ఈ రెండింటికీ కర్ణం కడితే 417 దాకా వస్తుంది. గిద్దలూరు దరిదాపుల్లో నల్లమలను దాటిపోయే గీత అది. తమాషా ఏమిటంటే, సందేశం రాసినవారి సూత్రాన్నే అసలు దూరానికి వర్తింపజేస్తే 40 కాదు, 29 నిమిషాలే రావాలి. అంత త్వరగా ఏ విమానమూ చేర్చదు కనుక తప్పు దూరంలోనే కాదు, సూత్రంలోనూ ఉంది.

850 అన్నది జెట్ విమానం పూర్తి ఎత్తుకు చేరాక అందుకునే వేగం. ఇంత దగ్గరి ప్రయాణంలో ఎక్కడానికి ఇరవై నిమిషాలు, దిగడానికి మరో ఇరవై నిమిషాలు పోగా, ఆ వేగంతో నడిచేది కొద్ది నిమిషాలే. పైగా పదివేల అడుగుల కింద వేగానికి పరిమితి ఉంది. ఈ మార్గంలో తిరిగే ఏటీఆర్ 72 అయితే రెక్కకొక పంకా ఉన్న చిన్న విమానం. దాని గరిష్ఠ వేగమే గంటకు 500 కిలోమీటర్ల చిల్లర.

టికెట్టు మీది సమయం గాలిలో ఉండే సమయం కాదన్నది చాలామందికి తట్టని సంగతి. చక్రాల కింది అడ్డుదిమ్మలు తీసిన క్షణం నుంచి అవతల మళ్లీ పెట్టేదాకా లెక్క నడుస్తుంది. ఒకసారి రేణిగుంటలో విమానం కదిలినప్పుడు గడియారం చూసుకున్నాను: చక్రాలు నేల వదిలేసరికి తొమ్మిది నిమిషాలు గడిచాయి. శంషాబాద్‌లో దిగాక గేటు చేరడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

ఇక తిరుమల చుట్టుదారి. కొండ విమానాశ్రయానికి పడమరగా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. హైదరాబాద్ గీత ఉత్తరానికి, కాస్త వాయవ్యంగా సాగుతుంది కనుక కొండకు పద్దెనిమిది, ఇరవై కిలోమీటర్ల ఎడంగానే పోతుంది. తప్పించవలసిన అవసరమే రాదు. రన్‌వే తూర్పు పడమరలుగా ఉన్నందువల్ల లేచాక ఉత్తరానికి మళ్లడానికి కొంత సమయం పడుతుంది, అంతే.

ఆరింటికి ఇల్లు వదిలినవారి సంగతి: ఊరి నుంచి రేణిగుంట విమానాశ్రయం పదిహేను కిలోమీటర్లు. చెక్‌ఇన్ కౌంటర్లు సాధారణంగా బయలుదేరే వేళకు గంట ముందే మూతపడతాయి కనుక, ఆరున్నరకు చేరినవారికి దొరికేది ఏడున్నర విమానం. హైదరాబాద్‌లో పని మొదలుపెట్టవలసిన వేళకు వారింకా రేణిగుంటలో సీటు బెల్టు పెట్టుకుంటూ ఉంటారు.